ఫ్రిజ్‌కు ఐదు తాళాలు

నలుగురు పెద్దమనుషుల్లారా, టీకాల ఫ్రిజ్‌కు తాళాలు వేసింది మీరే. కాదని బుకాయించకండి. గొళ్ళేలు బిగించిన రోజు ఫ్రిజ్ చుట్టూ చేరి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ ఫొటో దిగారు. ఆ ఫొటో ఇప్పటికీ మీ ఆఫీసు గోడ మీద వేలాడుతోంది. ఐదో తాళం మోసుకొచ్చిన ఇస్త్రీ అవ్వను మాత్రం పక్కకు నెట్టారు. ఆమె మోచెయ్యి ఒక్కటే ఫొటోలో పడింది. ఆ మోచేతి కథే ఇది.

అసలు పై నుంచి వచ్చిన కాగితంలో తప్పేమీ లేదు. ఆరోగ్య కార్యక్రమాలు వీధివీధికీ చేరాలంటే నాయకత్వం ఒక్కరి దగ్గరే ఉండకూడదు, ప్రతి అంచెలోనూ పంచండి అని అందులో రాసి ఉంది. మంచి మాట. ఆ మంచి మాటను టౌను ఆఫీసరు మీటింగులో పెట్టి రెండు గంటలు నలిపాడు. "పంచితే సరిపోదు, పంచినట్టు కనబడాలి. ఎలా?" అన్నాడు. మూడో టీ తాగాక ఆయనకే వెలిగింది. అంచెకొక తాళం. పెద్దాఫీసు డైరెక్టరుది ఒకటి, తనది ఒకటి, వార్డు మెంబరుది ఒకటి, కాలనీ ప్రెసిడెంటుది ఒకటి, వీధి తరఫున ఇస్త్రీ అవ్వది ఒకటి. ఐదుగురూ కలిసి చెయ్యి వేస్తే తప్ప టీకాల ఫ్రిజ్ తెరుచుకోకూడదు. అదీ సమష్టి నాయకత్వం!

"అర్జెంటైతే ఎలా సార్?" అని ఆరోగ్య కేంద్రం నడిపే సిస్టరమ్మ అడిగింది.

"అర్జెంటు పనులకే కదమ్మా నాయకత్వం కావాల్సింది" అన్నాడు ఆఫీసరు.

ఆ మాటకు అర్థమేమిటో ఎవరికీ తెలియలేదు కనుక ఎవరూ కాదనలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. తిలాపాపం తలా పిడికెడు అంటారే, అలాగ.

అంతకుముందు పదేళ్ళుగా ఆ ఫ్రిజ్‌కు తాళమే లేదు. సిస్టరమ్మ సూది పట్టుకునేది, ఇస్త్రీ అవ్వ వీధి పట్టుకునేది. మడతలు పెట్టిన బట్టలు ఇంటింటికీ ఇస్తూ, "నీ పిల్లాడికి తొమ్మిదో నెల దాటిందే, గురువారం పట్టుకురా. మళ్ళీ మరిచావో, నీ చీరలు ముడతలతోనే ఇస్తా" అని బెదిరించేది. మూడు వీధుల్లో ఏ బిడ్డ ఎప్పుడు పుట్టిందో ఆమెకు నోటికి వచ్చు. దీన్ని నాయకత్వం అంటారని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పిన రోజునే చేతికి తాళంకప్ప ఇచ్చారు.

గురువారం పొద్దున్న సిస్టరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి ఫ్రిజ్‌లోంచి మందు తీసి ఐసు పెట్టెలో సర్దుకోవాలి. అవ్వతో కలిసి మూడు వీధులు తిరగాలి. ఇరవైముగ్గురు పిల్లలకు తట్టు టీకా వెయ్యాలి. మధ్యాహ్నానికి ఇల్లు చేరాలి.

వారంలో ఏ రోజైనా ఆలస్యమైతే సర్దుకోవచ్చు. ఆ గురువారం కుదరదు. అవ్వ గోడ పక్కింట్లో కుట్టుమిషను ఆమె ఉంటుంది. ఆమె రెండేళ్ళ కూతురికి తట్టు వచ్చి, ఊపిరందక పెద్దాసుపత్రిలో పడుకుంది. సోమవారం నాడు ఆ పిల్ల పక్కనే అవ్వ మనవరాలు గంటసేపు ఆడుకుంది. తొమ్మిది నెలల పసిగుడ్డు. తట్టు సోకిన మూడు రోజుల్లోపు టీకా పడితే బిడ్డను కాపాడే అవకాశం ఉంటుంది. సోమవారం నుంచి లెక్కేసుకుంటే గడువు గురువారమే.

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఆ పొద్దున్నే కరెంటు పోయింది. తీగలు మారుస్తున్నాం, సాయంత్రానికి గాని రాదన్నారు. ఫ్రిజ్ ముందు భాగంలో చల్లదనం చూపించే ముల్లు ఒకటి ఉంది. ఎనిమిది గీత దాటితే మందు పాడైనట్టే. అప్పుడది ఐదు మీద ఉంది. ముసలి ఫ్రిజ్. ఒంటిగంట దాకా ఓపిక పడుతుందేమో. తాళాలు మాత్రం కొత్తవి, తళతళలాడుతున్నాయి.

సిస్టరమ్మ ముందుగా కాలనీ ప్రెసిడెంటుకు ఫోన్ చేసింది. ఇల్లు నాలుగడుగుల దూరం.

"సార్, కరెంటు పోయింది. ఫ్రిజ్ తెరవాలి. తాళంచెవి పట్టుకుని ఒక్కసారి వస్తారా?"

"ఎందుకు రానమ్మాయ్! వాకింగు బూట్లు కూడా విప్పలేదు, ఇలాగే వచ్చేస్తా. మెంబరు గారు వచ్చారా?"

"ఇంకా లేదు సార్."

"మరైతే నేనెలా వస్తాను? ఆయనది మూడో అంచె, నాది నాలుగో అంచె. ఆయన కంటే ముందొచ్చి కూర్చుంటే చిన్నబుచ్చినట్టు కాదూ?"

"కూర్చోవద్దు సార్. తాళం తీసేసి వెళ్ళిపోండి."

"అది ఇంకా పెద్ద అవమానం."

అయినా చేతనైన సాయం చేద్దామనుకున్నాడు పాపం. చేతనైనవాడి కీడు కంటే చేతకానివాడి సాయం ప్రమాదం. కాలనీ వాళ్ళందరి ఫోన్లకూ ఒక సందేశం పెట్టాడు: "ఐదు అంచెల నాయకులూ నేడు ఆరోగ్య కేంద్రానికి విచ్చేయుచున్నారు. అందరూ తప్పక రావలెను."

అది చూసిన వార్డు మెంబరు వేళ్ళ మీద అంచెలు లెక్కపెట్టాడు. ఐదంచెలంటే డైరెక్టరు కూడా వస్తున్నట్టే కదా! వెంటనే సిస్టరమ్మకు ఫోన్ కొట్టాడు.

"ఏం చెల్లెమ్మా, అంత పెద్దాయన నా వార్డులో అడుగు పెడుతుంటే నాకొక్క మాట చెప్పవా?"

"ఆయన రావట్లేదన్నా. మీ తాళంచెవి కావాలంతే. మందు పాడైపోతోంది."

"నాకు తెలుసులే, సర్‌ప్రైజ్ విజిట్ అయితే ఇలాగే చెబుతారు. నువ్వేం కంగారు పడకు. టెంటు నాది, కుర్చీలు నావి, మైకు నాది. తాళంచెవి స్టేజీ మీద ఆయన ఎదురుగా ఇస్తా."

గంటలో షామియానా బండి వచ్చింది. గుంజలు పాతారు. రెండు గుంజలు సరిగ్గా కేంద్రం గుమ్మానికి అడ్డంగా పాతారు. నూటయాభై కుర్చీలు దిగాయి. "హలో హలో, వన్ టూ త్రీ" అని మైకు అరిచింది. సందేశం చూసిన జనం, టీకాల కోసం వచ్చిన తల్లులు, ఎందుకొచ్చారో తెలియనివాళ్ళు అందరూ పోగయ్యారు. ముల్లు ఆరు మీదకు వచ్చింది.

టౌను ఆఫీసరుకు ఎవరో కబురందించారు. కేంద్రం ముందు టెంటు, మైకు, ఆడవాళ్ళ గుంపు. ఇంతకాలం ఉద్యోగం చేసినవాడికి టెంటూ మైకూ ఆడవాళ్ళూ కలిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

"ఏమ్మా, నా మీద ధర్నా చేయిస్తున్నావా?" అని ఫోన్‌లో గర్జించాడు.

"ధర్నా కాదు సార్. పిల్లలకు టీకాల కోసం తల్లులొచ్చారు. మీ తాళంచెవి పంపించండి, చాలు."

"చూశావా, డిమాండ్ కూడా ఉంది!"

ఫోన్ పెట్టేసి మూడు పనులు చేశాడు. తాళంచెవిని ధర్నావాళ్ళు లాక్కుపోకుండా ఆఫీసు ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఆ ఇనప్పెట్టె తెరవాలంటే డైరెక్టరు సంతకం కావాలి. ఫ్రిజ్‌కు కాపలాగా ఇద్దరు పోలీసులను పంపమని కబురు పెట్టాడు. కేంద్రంలో అలజడిగా ఉందని డైరెక్టరుకు చేరవేశాడు. డైరెక్టరు గంభీరంగా బదులిచ్చాడు: "నేనే స్వయంగా నాలుగింటికి వస్తా. అప్పటిదాకా ఆ తాళాల మీద ఎవరూ చెయ్యి వేయడానికి వీల్లేదు."

నాలుగింటికి! ఒంటిగంటకు చచ్చే మందును నాలుగింటికి పరామర్శించడానికి వస్తాడట. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. ఐదుగురికి అధికారం పంచామన్నారు. పని చెయ్యమని ఒక్కరికీ చెప్పలేదు. ఆపే హక్కును మాత్రం అందరికీ సమానంగా పంచారు.

పన్నెండు దాటింది. ఇద్దరు పోలీసులు వచ్చి ఫ్రిజ్‌కు కాపలా నిలబడ్డారు. ముల్లు ఏడు దాటింది. సిస్టరమ్మ ఫ్రిజ్ పక్కన నేల మీద కూలబడింది. ఆమె ఏడుస్తోందో తిడుతోందో మైకు గోలలో ఎవరికీ తెలియలేదు. అవ్వ మనవరాలిని చంకనేసుకుని వచ్చి ఎదురుగా నిలబడింది. నడుముకు దోపుకున్న తాళంచెవి మెరుస్తోంది. నాయకుల్లో తాళంచెవితో సహా హాజరైంది ఆమె ఒక్కతే.

"రేపు వేస్తే పనికిరాదా తల్లీ?" అని అడిగింది.

"వేస్తాను అవ్వా. కానీ తట్టు రాదని మాటివ్వలేను."

అవ్వ బిడ్డ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. చల్లగానే ఉంది, ఇంకా. తర్వాత ఫ్రిజ్ వైపు చూసింది. అది నిలువు ఫ్రిజ్ కాదు, పెట్టెలాంటిది. మూత పైకి లేస్తుంది. ముందువైపు అంచున వరసగా ఐదు తాళాలు. వెనకవైపు గోడకు ఆనుకుని ఉంది. అటు ఎవరూ ఎప్పుడూ తొంగి చూడలేదు.

"ముందువైపు నాలుగు తాళాలు వాళ్ళవి, ఒకటి నాది. అంతే కదా?"

"అంతే."

"మరి వెనకవైపు ఎవరిది?"

సిస్టరమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆర్డరు కాగితం గుర్తు చేసుకుంది. "ఎవరిదీ కాదు అవ్వా."

"ఎవరిదీ కాకపోతే వీధిదే. లే."

షామియానా ఆయన బయట గుంజకు తాడు బిగిస్తున్నాడు. నడుముకు స్పానరూ స్క్రూడ్రైవరూ వేలాడుతున్నాయి. అవ్వ అతని చొక్కా పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది.

"పెద్దమ్మా, పెద్దమ్మా! ఇది గవర్నమెంటు సామాను. పైగా పోలీసులున్నారు. నాకు పెళ్ళాం బిడ్డలున్నారు!"

"ఉన్నారు, నాకు తెలీదా? నీ చిన్నదానికి పదకొండో నెల. పోయిన నెల తీసుకురమ్మంటే గిరాకీ ఉందని ఎగ్గొట్టావు. ఇప్పుడు కొయ్యలా నిలబడకుండా వెనక్కి రా." అలాగే పోలీసుల వైపు తిరిగింది. "ఏం నాయనా, నీ పాపకు టీకా వేయించావా?"

పెద్ద పోలీసు బిక్కమొహం వేశాడు. ఆయన యూనిఫాం ఇస్త్రీ చేసేది అవ్వే. "లేదవ్వా. డ్యూటీల వల్ల కుదరలేదు."

"ఇప్పుడు డ్యూటీలోనే ఉన్నావుగా. ఆ మూల పట్టుకో, జరుపుదాం."

చిన్న పోలీసు గొణిగాడు. "అన్నా, కాపలా ఉండమన్నారు కదా మనల్ని?"

"తాళాలకు కాపలా ఉండమన్నారు. తాళాలు ముందున్నాయి. నువ్వు ముందే నిలబడు" అని పెద్దాయన చొక్కా చేతులు మడిచి ఫ్రిజ్ మూల పట్టుకున్నాడు.

కిర్రుమంటూ ఫ్రిజ్ గోడ నుంచి రెండడుగులు జరిగింది. వెనకాల పదేళ్ళ బూజు, ఒక చచ్చిన బల్లి, రెండు మడతబందులు. బందుకు నాలుగు మరలు. షామియానా ఆయన చెమటలు కక్కుతూ ఎనిమిదీ ఊడదీశాడు. ఎత్తితే మూత వెనకనుంచి లేచింది. ముందున్న ఐదు తాళాలూ కిచకిచమంటూ మూతను పట్టుకుని నిలబడ్డాయి. పుట్టిన దగ్గర్నుంచి అవి చేసిన మొదటి మంచి పని అదే. తాళాలు బందులయ్యాయి.

ముల్లు ఏడుంపావు దగ్గర ఆగి ఉంది. సిస్టరమ్మ లోపలికి సగం వంగి మందు సీసాలు, ఇంకా గడ్డకట్టే ఉన్న ఐసు ముక్కలు తీసి పెట్టెలో సర్దింది. అప్పుడామె చేసిన పని ఏ మీటింగులోనూ ఎవరికీ తట్టనిది. సూది తన చేతిలో ఉంచుకుంది. మిగతా పనంతా ఎవరు ముందుకొస్తే వాళ్ళకిచ్చేసింది, మళ్ళీ వెనక్కి తిరిగి చూడలేదు.

అవ్వ నేరుగా స్టేజీ ఎక్కింది. మెంబరు మైకు ముందు స్వాగతోపన్యాసం సాధన చేస్తున్నాడు.

"మైకు ఇటివ్వు నాయనా. పనుంది."

"అవ్వా, డైరెక్టరు గారు వచ్చేస్తారు..."

"వచ్చేలోపు ఇచ్చేస్తాలే."

ఆమె గొంతు మూడు వీధులు దాటి ఆరు వీధులకు వినబడింది. ఎవరి బిడ్డ పేరు వాళ్ళకు, ఎవరి బిడ్డ వయసు వాళ్ళకు, ఎవరు ఎన్నిసార్లు ఎగ్గొట్టారో అది కూడా మైకులోనే. సిగ్గుపడి కొందరు, భయపడి కొందరు, బిడ్డ మీద ప్రేమతో చాలామంది పరుగెత్తుకొచ్చారు. గుమ్మానికి అడ్డమున్న గుంజలను షామియానా ఆయన పీకేశాడు. సూది వేసుకున్న పిల్లలు అరగంట కూర్చుని వెళ్ళాలి కదా, కుర్చీలు దానికి పనికొచ్చాయి. పోలీసులు వరస చూశారు. జనాన్ని చూసి ప్రెసిడెంటు వాకింగు బూట్లతోనే పరుగున వచ్చాడు. "మెంబరు గారు వచ్చేశారు సార్, మీరిక రావచ్చు" అని సిస్టరమ్మ ఆయన చేతిలో రిజిస్టరు పెట్టింది. పేర్లు ముత్యాల్లా రాశాడు. ఆయన జీవితంలో ఎవరూ ఆయనకు పని చెప్పలేదట, అందుకే ప్రెసిడెంటు అయ్యాడట. అవ్వే చెప్పింది, మైకులో.

అవ్వ తన మనవరాలిని వరసలో ముందుకు తీసుకురాలేదు. ఏడోదానిగా నిలబెట్టింది. సూది పడగానే ఆ పసిగుడ్డు వీధి అదిరేలా ఏడ్చింది. అవ్వ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "బొగ్గుల పొగ" అంది. ఇక్కడ బొగ్గులెక్కడివని ఎవరూ అడగలేదు.

మూడున్నరకు లెక్క చూస్తే ఇరవైముగ్గురు కాదు, అరవైఒక్కమంది. ఇద్దరు పోలీసులలో పెద్దాయన పాప అరవయ్యోది. షామియానా ఆయన కూతురు అరవైఒకటి.

నాలుగున్నరకు డైరెక్టరు కారు దిగాడు. వెనకే టౌను ఆఫీసరు, పళ్ళెంలో తాళంచెవి. ఆఫీసరు గుంపును చూసి కంగారుపడ్డాడు గాని, గుంపు ఆయన్ని చూసి కంగారుపడలేదు. అందరూ లోపలికి వచ్చారు. ఫొటోగ్రాఫరు సర్దుకున్నాడు. అంచెల వారీగా తాళాలు తీశారు. డైరెక్టరుది, ఆఫీసరుది, మెంబరుది, ప్రెసిడెంటుది. చివరగా అవ్వ తన తాళం తీసి, మర్యాదగా పక్కకు తప్పుకుంది. ఈసారి ఆమెను ఎవరూ నెట్టక్కర్లేకపోయింది.

"నలుగురం కలిసి ఎత్తుదాం. ఒక్క ఊపుగా! సమష్టిగా!" అన్నాడు డైరెక్టరు.

ఒక్క ఊపుగానే ఎత్తారు. పట్టుకోవడానికి వెనక బందుల్లేవు, ముందు తాళాల్లేవు. మూత మొత్తం చేతుల్లోకి వచ్చేసింది. నలుగురూ వెల్లకిలా పడ్డారు, మీద మూత పడింది. తిరగేసిన తాబేళ్ళలా ఎనిమిది కాళ్ళు గాల్లో కొట్టుకున్నాయి. ఫొటోగ్రాఫరు అలవాటు కొద్దీ నొక్కేశాడు.

లేచి చూస్తే ఫ్రిజ్ ఖాళీ. కొండను తవ్వితే ఎలుకైనా దొరుకుతుంది, ఇక్కడ అదీ లేదు.

"మందేది?" అన్నాడు డైరెక్టరు.

"పిల్లల ఒంట్లో ఉంది సార్" అంది సిస్టరమ్మ.

"ఎవరు తీశారు తాళాలు?" అని ఆఫీసరు అరిచాడు.

"మీరే కదయ్యా, ఇప్పుడే" అంది అవ్వ. "మేమెవరమూ ముట్టుకోలేదు. చూసి చెప్పండి, ఒక్క తాళానికైనా గీత పడిందా?"

పడలేదు. ఫొటోగ్రాఫరు కూడా చూసి చెప్పాడు.

ఆ తర్వాత రెండు వారాలు అవ్వ రోజూ మనవరాలి ఒళ్ళంతా వెతికింది. ఒక్క పొక్కు లేదు. కుట్టుమిషను ఆమె కూతురు బతికి ఇంటికొచ్చింది. చిక్కి శల్యమైంది, కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఆ పిల్లకు ఏడాది కిందటే టీకా పడాల్సింది. అప్పుడు టౌను ఆఫీసులో ఎవరి సంతకమో కావాలని సీసాలు పంపడం ఆపారు. అది కూడా మీరే, పెద్దమనుషుల్లారా.

మీరేం చేశారు? "ఐదంచెల నాయకత్వ విజయం: ఒక్కరోజులో అరవైఒక్క టీకాలు" అని పోస్టరు వేశారు. పాత ఫొటోనే వాడారు, మోచెయ్యి కూడా కత్తిరించి. అదే వారం సిస్టరమ్మకు మెమో ఇచ్చారు, బందులు ఎందుకు ఊడదీశావని. ఫ్రిజ్ వెనకవైపు కూడా రెండు తాళాలు వెయ్యాలని తీర్మానం చేశారు. వాటి కోసం రెండు కొత్త అంచెలు సృష్టిస్తారట.

ఇక చాలు. ఆ మెమో ఇవాళే వెనక్కి తీసుకోండి. ఐదు తాళాలూ పీకి చెత్తలో వెయ్యండి. మందు తీసే హక్కు సూది పట్టే చేతికీ, బిడ్డల వయసులు తెలిసిన అవ్వకూ ఇవ్వండి. అవ్వలాంటి మనిషి ప్రతి వీధిలోనూ ఉంది. వెతకండి, పని అప్పజెప్పండి, అడ్డం తప్పుకోండి. నాయకత్వం పంచడమంటే అదీ. వచ్చే గురువారం లోపు జరగాలి.

అప్పటిదాకా ఫ్రిజ్‌ను గోడకు జరపడం లేదు.